మంచి చెయ్యి

పొద్దున్నే డ్రమ్ము నిండా నీళ్లు పట్టి, సీసా మూతతో మూడు మూతల కోళ్ల మందు కొలిచి పోసి, గోపమ్మ మోచేతి దాకా కుడిచెయ్యి ముంచి కలియబెట్టింది. కలపడానికి పక్కనే కట్టె ఉంది. కానీ కోళ్ల షెడ్డు యజమాని శివకుమార్ పటేల్ కట్టెతో కలపనివ్వడు.

"చెయ్యి పెట్టి కలుపు గోపమ్మా. నీ చెయ్యి పడితెనే నాకు ధైర్యం" అంటాడు.

మూడేళ్ల కిందట మొదటి విడత కోళ్లు రోజుకు ముప్పై నలభై చొప్పున చచ్చాయి. రెండో విడతకు నీళ్లలో మందు కలిపింది గోపమ్మ. పది కూడా చావలేదు. ఆ విడతకు మందు కూడా మార్చారు, కానీ ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. పేరంతా గోపమ్మ చేతికే వచ్చింది. చెరువులో చేపపిల్లల్ని వదలాలన్నా ఆమే, కొత్త వలను మొదట నీళ్లలో ముంచాలన్నా ఆమే, ఆదివారం మోత్కూర్ అంగట్లో బోణి చేయాలన్నా ఆమే. గొర్రెలు కాసుకునే ఇంటి ఆడది చేపలు కోయడమేమిటని నవ్విన కులపోళ్లు కూడా ఇప్పుడు కొత్త గొర్రెల్ని దొడ్లోకి తోలే ముందు ఆమెను పిలిచి వాటి వీపు నిమిరిస్తున్నారు. గోపమ్మకు ఇది లోలోపల చాలా ఇష్టం. పైకి మాత్రం "నా మొహం, చేతిల ఏముంటది" అంటుంది.

షెడ్డు చెరువు మీదే ఉంది. గట్టు పక్కన నీళ్లలో సిమెంటు స్తంభాలు నిలబెట్టి, వాటి మీద చెక్కలు పరిచి కట్టారు. చెక్కకూ చెక్కకూ మధ్య వేలు పట్టే సందు. రెండు వేల కోళ్ల రెట్ట ఆ సందుల్లోంచి పగలూ రాత్రీ నీళ్లలో పడుతుంటుంది. ఆ రెట్టనూ, దానివల్ల పెరిగే పాచినీ తిని చేపలు బలుస్తాయి. కోళ్లకు వేసిన దాణాతోనే చేపలూ బతికిపోతున్నాయని చూడవచ్చిన వాళ్లకు పటేల్ గర్వంగా చూపిస్తాడు. గట్టు మీద కొత్తగా నిలబడిన వాళ్లు ముక్కు మూసుకుంటారు. గోపమ్మకు ఆ వాసన ఎప్పుడో తెలియడం మానేసింది.

ఆ ఆదివారం ఆమె భర్త పర్వతాలు, ఇంకో ఇద్దరు కలిసి వల లాగి గట్టుకు తెచ్చారు. రవ్వ, బొచ్చె చేపలు ఒక తొట్టిలోకి, బంగారు తీగ చేపలు ఇంకో తొట్టిలోకి గోపమ్మ వేరు చేస్తోంది. బంగారు తీగకు వీపు మీది రెక్క మొదట్లో ఒక ముల్లుంటుంది, రంపంలాగా పళ్లున్న ముల్లు. తల వైపు నుంచి నిమిరి పట్టుకుంటే అణుగుతుంది, తోక వైపు నుంచి పట్టుకుంటే లేస్తుంది. గోపమ్మకు తెలియనిది కాదు. అయినా రెండు కిలోల తీగ ఒకటి తొట్టి అంచు మీదికి ఎగిరిపడేసరికి, మళ్లీ నీళ్లలోకి జారిపోతుందన్న తొందరలో తోక వైపు నుంచే పట్టేసింది. ముల్లు చూపుడు వేలి రెండో కణుపులో దిగింది. పళ్లున్న ముల్లు కాబట్టి బయటికి వచ్చేటప్పుడు కాస్త మాంసం పట్టుకునే వచ్చింది.

"గుచ్చుకున్నదా?" అన్నాడు పర్వతాలు.

"గిట్లాంటియి ఎన్ని గుచ్చుకోలే" అంటూ గోపమ్మ ఆ చెరువు నీళ్లలోనే వేలు కడిగి, కొంగు అంచు చింపి చుట్టుకుంది.

మోత్కూర్‌లో మధ్యాహ్నం దాకా కత్తిపీట ముందు నుంచి లేవలేదు. చేప జారకుండా బూడిద పూయడం, పొలుసు గీకడం, మొప్పలు పీకి పొట్ట చీల్చి పేగులు తీయడం, నడుముకు అడ్డంగా కోసి ముక్కలు చేయడం. రక్తం, చేప నీళ్లు, బూడిద కలిసి వేలికి చుట్టిన గుడ్డ నల్లగా ముద్దయింది. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఖాళీగా కూర్చున్నా జనం గోపమ్మ ముందే నిలబడ్డారు. శివకుమార్ కారు దిగి వచ్చి ఆ వరుసను చూసి సంతోషపడ్డాడు.

"పది దినాలు ఓపిక పట్టు గోపమ్మా. మిరుగం నాడు ఊళ్లకు ఊళ్లు దిగుతయి" అన్నాడు.

మిరుగం, అంటే మృగశిర కార్తె చొచ్చిన నాడు చేప తినకపోతే ఆ ఏడంతా దగ్గూ దమ్మూ వదలవని ఈ ప్రాంతంలో నమ్మకం. ముసలివాళ్లకూ బాలింతలకూ కూడా ఆ రోజు ఒక ముక్కైనా నోట్లో పెడతారు. చెరువులోని చేపలో చాలావరకు శివకుమార్ ఆ ఒక్క రోజు కోసమే ఆపి పెట్టాడు.

*

సోమవారం పొద్దున వేలు వంగలేదు. చర్మం నిగనిగలాడుతూ లావెక్కింది. అయినా గోపమ్మ వెళ్లి, డ్రమ్ములో చెయ్యి ముంచి మందు కలిపి వచ్చింది. వచ్చేసరికి పటేల్ ఇంటి నుంచి కబురు. నందికొండ నుంచి చేపల డబ్బా వచ్చిందట, వెంటనే రమ్మని.

నెలకు రెండుసార్లు నందికొండ నుంచి బస్సులో ఒక థర్మకోల్ డబ్బా వస్తుంది. మంచు ముక్కల మధ్య నాగార్జునసాగర్ నీళ్ల చేపలు. ఇంటి వెనకాల కూర్చుని వాటిని కోసేది కూడా గోపమ్మే. నాలుగెకరాల చేపల చెరువు పెట్టుకుని బయటి నుంచి తెప్పించుకోవడం ఏమిటని మొదట్లో అనుకుంది. ఉన్నవాళ్ల నాలుకలు వేరు కాబోలనుకుని ఊరుకుంది.

శివకుమార్ తల్లి సావిత్రమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది. గోపమ్మ కత్తిపీట ముందుకు లాక్కుని మొదటి చేప అందుకుంది.

"చేతికి ఏమైందే?"

"తీగ ముల్లు గుచ్చింది పటేలమ్మా. ఏం గాలే."

"ఏ తీగ? మన చెరువుదేనా?"

"ఆఁ."

సావిత్రమ్మ లేచి వచ్చింది. గోపమ్మ ముందున్న కత్తిపీటను కాలితో వెనక్కి జరిపింది. "వద్దు, పెట్టెయ్యి. ఆ చెయ్యితోని మా చేపలు ముట్టకు."

"కడుక్కున్న అమ్మా."

"కడుక్కుంటె పోయేదా అది? కోళ్ల కింది చేప మేం ఊకెనే తింటలేమా? పో తల్లీ, తగ్గినంక రా."

గోపమ్మ చేతిలోని చేపను మళ్లీ మంచు ముక్కల మధ్య పెట్టి లేచింది. ఇది మడి మాట అనుకుంది. రెట్ట తిన్న చేప కదా, అసహ్యం కాబోలు. కానీ ఈ మూడేళ్లలో ఎవరూ ఆమె చెయ్యి వద్దనలేదు. వేలి నొప్పి కంటే ఆ మాటే ఇంటి దాకా సలిపింది.

రాత్రికి పోట్లు మొదలయ్యాయి. కోడలు త్రివేణి పసుపు నూరి పెట్టింది. కొడుకు లారీ మీద మహారాష్ట్ర వైపు పోయాడు. ఇంట్లో చదువు వచ్చిన మనిషి త్రివేణి ఒక్కతే, ఇంటర్ దాకా చదివింది. "పొద్దుగాల్నే దవాఖానకు పోదాం అత్తా" అంది.

గోపమ్మకు వేరే ఆలోచన ఉంది. మరునాడు షెడ్డు నుంచి వస్తూ చిన్న డబ్బాలో కోళ్ల మందు పోసుకుని తెచ్చింది. గడప మీద కూర్చుని, చిన్న గిన్నెలో ఆ మందు పోసి, అందులో వేలు ముంచింది.

"అత్తా, అది కోళ్లది!"

"కోళ్లదైతె ఏంది? రెండువేల పాణాలను కాపాడుతాంది. ఒక్క వేలును కాపాడదా? మూడేండ్ల సంది నా చెయ్యి దాంట్లనే మునుగుతాంది. అది నన్నెరుగుదు."

రెండు రోజులు పొద్దునా సాయంత్రం అలా ముంచింది. మంట తగ్గినట్టే అనిపించింది. నిజానికి వేలి చివర స్పర్శ పోతోంది, దాన్నే ఆమె నయం కావడమనుకుంది. మూడో రోజు చర్మం ఊదారంగుకు తిరిగి పుండు నోరు తెరిచింది, జ్వరం పట్టుకుంది. ఊళ్లో మందులిచ్చే ఐలేశం వచ్చి సూది వేసి, ఒక గోలీల పట్టీ ఇచ్చాడు. "పెద్ద గోలీ. రెండు పూటలు మింగితె గుర్రం లెక్క లేస్తవ్" అన్నాడు.

గోలీలు మింగినా జ్వరం దిగలేదు. శుక్రవారం రాత్రి పర్వతాలు కట్టు విప్పి, ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. చిన్నప్పటి నుంచీ గొర్రెల్లో పెరిగిన మనిషి. ఏ గొర్రె కుంటుతున్నా గిట్ట ఎత్తి వాసన చూసి చెప్పగలడు. గుడ్డను కింద పెట్టాడు.

"గిట్ట కుళ్లిన వాసన అస్తాంది. పొద్దుగాల నల్లగొండ పోవాలె" అన్నాడు.

తెల్లారి షెడ్డు దగ్గర ఆ మాట చెబితే శివకుమార్ విసుక్కున్నాడు. "మిరుగం నెత్తి మీద పెట్టుకోని చేప ముల్లుకు నల్లగొండ పోతరా? పసుపు పెడితె మానేదానికి ఆగమాగం చేస్తున్నరు. సరే, పో. రేపటికి మల్ల రావాలె."

*

నల్లగొండ పెద్ద దవాఖానలో చేర్చుకున్న సాయంత్రానికే వేలి నుంచి లేచిన ఎరుపు గీత మణికట్టు దాటి మోచేతి వైపు పాకింది. డాక్టరమ్మ పేరు స్నిగ్ధ. చిన్నమ్మాయి, కళ్ల కింద నిద్రలేని నలుపు. వేలును నొక్కి, గోరు రంగు చూసి, నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, వేలు పోయింది. అది ఉంటే చెయ్యి పోతది. రేపటిదాక ఆగలేం."

"కుడిచెయ్యి బిడ్డా. అన్నం తినే చెయ్యి. చేపలు కోసే చెయ్యి" అంది గోపమ్మ.

"అందుకే చెయ్యిని ఉంచుదామంటున్న."

గోపమ్మ భర్త వైపు చూసింది. పర్వతాలు తల వంచుకుని తన అరచేతిని రెండో అరచేత్తో రుద్దుకుంటున్నాడు. ఆమే తల ఊపింది. కాగితం మీద వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడు అలవాటుగా కుడిచెయ్యి చాపి, నర్సు ఎడమ చెయ్యి పట్టుకుని బొటనవేలికి సిరా పూస్తుంటే, అప్పుడు ఏడ్చింది.

వేలు తీసేసిన మూడో రోజున స్నిగ్ధ ఒక కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. మందు మార్చాక జ్వరం తగ్గింది, గీత వెనక్కి పోయింది. స్నిగ్ధ ఐలేశం ఇచ్చిన గోలీల పట్టీని త్రివేణి చేతిలోంచి తీసుకుని చూసింది.

"పుండులున్న క్రిమిని తీసి, ఏ మందుకు చస్తది, ఏ మందుకు చావదు అని చూసినం. గీ గోలీకి అది చావదు. దానికి గీ మందు అలవాటైపోయింది. మీరు ఇంతకుముందు గివి బాగ మింగిన్రా?"

"నేను తలనొప్పికి గూడ గోలీ మింగ డాక్టరమ్మా."

"మరి మీ చుట్టుపక్కల ఎవరికన్న వాడుతరా? బర్రెలకు, కోళ్లకు?"

త్రివేణి ఫోను తీసింది. షెడ్డులో మందు అయిపోయినప్పుడు మోత్కూర్ దుకాణంలో చూపించి తేవడానికి కోళ్ల మందు సీసాను ఒకసారి ఫోటో తీసి పెట్టుకుంది. స్నిగ్ధ ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. గోలీల పట్టీని దాని పక్కన పెట్టింది.

"రెండు పేర్లు చదువు."

త్రివేణి కూడబలుక్కుని చదివింది. మొదటి అక్షరాలు వేరు. కానీ రెండు పేర్లూ 'ఫ్లాక్సాసిన్' అనే ముగిశాయి. ఇంకోసారి చదివింది. మళ్లీ అలాగే వచ్చింది.

"గివి రెండు అన్నదమ్ములు. ఒకణ్ని తట్టుకున్న క్రిమి రెండోవాడికి గూడ భయపడదు" అంది స్నిగ్ధ. "కోళ్లు రోజు గీ మందు నీళ్లు తాగుతయి గదా. వాటి కడుపుల ఉన్న క్రిములు, మందు, రెట్టతోని చెరువుల పడతయి. రోజు ఇంతింత మందు పడుతుంటే బలం లేని క్రిములు చస్తయి, తట్టుకున్నయి మిగులుతయి. ఇగ అవే పెరుగుతయి. చేప మీద, నీళ్లల్ల, అంతట అవే. మీ వేలుల దిగింది గసుంటిదే."

గోపమ్మ కట్టుకట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ మందు కలిపింది నేనే" అంది.

"ఎన్నేండ్ల సంది?"

"మూడేండ్లు. కట్టెతోని గాదు, చెయ్యి పెట్టి. నా చెయ్యి మంచిదని."

స్నిగ్ధ ఆ కట్టు వైపు చూసింది. పక్క మంచం మీది ముసలామె దగ్గుతోంది.

"రెండు దినాలైతె మిరుగం డాక్టరమ్మా. ఆ చేప మా తావుల అందరు తింటరు. ముసలోళ్లు, పిల్లలు" అంది గోపమ్మ.

"మంచిగ ఉడికితే క్రిమి చస్తది, తినేటోళ్లకు అంత భయం లేదు. భయం పచ్చి చేపను ముట్టేటోళ్లకు, కోసేటోళ్లకు. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు." స్నిగ్ధ కాగితం మడిచి ఇచ్చింది. "మీ ఇంట్ల ఇంకెవరన్న కోస్తరా?"

త్రివేణి తన రెండు చేతుల్నీ చూసుకుని, వాటిని నెమ్మదిగా చున్నీ కిందికి తీసుకుంది. గోపమ్మ అది చూసింది.

*

మిరుగం ముందు రోజు గోపమ్మ ఇంటికి చేరింది. చీకటి పడకముందే శివకుమార్ వచ్చాడు. చేతిలో పండ్ల కవరు. కట్టు వైపు చూడలేక గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ మాట్లాడాడు.

"బాధ పడకు గోపమ్మా. వేలుదేముంది, నాలుగున్నయి గదా ఇంక."

"డాక్టరమ్మ కాగితమిచ్చింది పటేలా. కోళ్ల మందుతోనే ఇట్లయిందని..."

"దవాఖానోళ్లు మస్తు చెప్తరు. ఇయ్యాల మందు పొయ్యకుంట ఒక్క కోడిని బతికించి చూపియ్యమను, చూద్దాం." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీకు పనేం పెట్ట. రేపు పొద్దుగాల గట్టు మీదికి వచ్చి బోణి చెయ్యి, చాలు. మొదటి చేప నీ చేత్తోని ఇయ్యి. కట్టున్నా సరే, కుడిచెయ్యే. జనం నీ కోసమే వస్తరు. కత్తిపీట ముందు త్రివేణిని కూసోబెడదాం. కోడలి చెయ్యి గూడ అత్త చెయ్యే గదా."

వంటింటి గుమ్మంలో త్రివేణి నిలబడి వింటోంది. పర్వతాలు గొంతు సవరించుకుని, కూర్చున్న చోటే సర్దుకున్నాడు. ఆయనకు షెడ్డులోనే కాపలా పని, షెడ్డులోనే జీతం.

శివకుమార్ వెళ్లాక త్రివేణి అడిగింది. "నేను కూసోవాల్నా అత్తా?"

గోపమ్మ కోడలి చేతుల వైపు చూసింది. "ఇయ్యాల పటేలమ్మ ఇంటికి గూడ నిన్నే పిలిచిన్రా?"

"ఆఁ, పొద్దుగాల. నందికొండ డబ్బ వచ్చింది. మిరుగానికి. రెండు గడియలు కోసిన. సబ్బిచ్చి, చేతులు కడుక్కోని ముట్టుకొమ్మన్నది పటేలమ్మ."

గోపమ్మకు కత్తిపీటను వెనక్కి జరిపిన ఆ కాలు గుర్తొచ్చింది. అది మడి కాదు. ఈ చెరువు చేపతో ప్రమాదముందని వాళ్లకు ముందే తెలుసు. ఎంత తెలుసో, ఎలా తెలుసో గానీ తెలుసు. తెలిసే ఆమె చేతిని మూడేళ్లు డ్రమ్ములో ముంచారు. తన చెయ్యి మంచిదన్న మాటకు తానెంత మురిసిపోయిందో తలచుకుని, పటేల్ మీద కంటే ముందు తన మీద తనకే కోపం వచ్చింది.

"కూసో రేపు" అంది కోడలితో. "నేను లెమ్మనే దాక కూసో. కత్తికి చెయ్యి ఆనించకు."

*

మిరుగం నాడు తెల్లవారేసరికే గట్టంతా బండ్లు. చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు సంచులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. నాలుగు తొట్ల నిండా చేపలు ఎగురుతున్నాయి. పైన షెడ్డులో కోళ్ల గోల. త్రివేణి కత్తిపీట ముందు, బూడిద తట్ట పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గోపమ్మ వచ్చేసరికి వరుస కదిలి దారి ఇచ్చింది. "వచ్చిందిరా మంచి చెయ్యి" అన్నారెవరో. కట్టు చూసి మాట ఆపేశారు.

శివకుమార్ తెల్ల చొక్కా వేసుకుని త్రాసు పక్కన నిలబడ్డాడు. "కానియ్యి గోపమ్మా. మంచి చేపను తియ్యి, బోణి చేద్దాం."

గోపమ్మ చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుంది. తొట్టి ముందు కూర్చుని, తొందర లేకుండా వెతికి, రెండున్నర కిలోల బంగారు తీగను తల వైపు నుంచి నిమిరి పట్టుకుంది. ముల్లు అణిగింది. రెండు చేతులతో దాన్ని ఎత్తి, వరుసలో మొదట ఉన్న ముసలి పరశురాములు సంచి చాపితే ఆయన్ని దాటి, నేరుగా శివకుమార్ ముందుకు వెళ్లి నిలబడింది.

"ఇగో పటేలా. బోణి మీకే."

శివకుమార్ నవ్వాడు. "నాకెందుకు, వాళ్లకియ్యి."

"మూడేండ్ల సంది అందరికి బోణి చేసిన. మీకొక్కసారి చెయ్యలే. మిరుగం చేప. ఇంటికి తీస్కపోరి. పటేలమ్మకు వండిపెట్టున్రి."

చేప ఆమె చేతుల్లో తోక కొట్టింది. నీళ్లు ఆయన తెల్ల చొక్కా మీద పడ్డాయి. శివకుమార్ ఒక అడుగు వెనక్కి వేసి, పడిన చోట చేతిగుడ్డతో గబగబా తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం వరుసలో అందరూ చూశారు.

"మా ఇంట్ల ఉన్నయి గోపమ్మా. తీసి పక్కన పెట్టు."

"ఎక్కడియి పటేలా?" అన్నాడు పరశురాములు. ఆయన మామూలుగానే అడిగాడు, చాపిన సంచి ఇంకా చేతిలోనే ఉంది.

శివకుమార్ త్రాసు వైపు తిరిగాడు.

"నందికొండయి. నిన్న డబ్బల వచ్చినయి. మా కోడలే కోసింది" అంది గోపమ్మ. చేపను తొట్టిలో వదిలి వరుస వైపు తిరిగింది. "నేను అబద్ధం చెప్ప. మంచిగ ఉడికిస్తె తినొచ్చని డాక్టరమ్మ చెప్పింది. తినే నోటికి భయం లేదు. కోసే చెయ్యికే భయం. మీరు సంచిల ఏసుకోని పోతరు. ఇంట్ల కోసేది మీ ఆడోళ్లే గదా. నాకు దిగింది గీ చేప ముల్లే." ప్లాస్టిక్ కవరు తీసి, కట్టున్న చెయ్యి పైకెత్తింది. నాలుగు వేళ్లున్న చెయ్యి.

వరుసలో చాపిన సంచులు కిందికి దిగాయి. పైన కోళ్లు అరుస్తున్నాయి.

"లే బిడ్డా" అంది గోపమ్మ.

త్రివేణి లేచింది. ఆమె చేతులకు బూడిద కూడా అంటలేదు. పరశురాములు సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆయన వెనకాల ఆరేడుగురు వెళ్లిపోయారు. కొందరు గట్టు దిగి దూరంగా నిలబడి మాట్లాడుకున్నారు. కొందరు కొన్నారు, మిరుగం నాడు ఉత్త చేతులతో ఇంటికెలా పోతారు. పది గంటలకల్లా వరుస పలచబడింది. శివకుమార్ ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. మధ్యాహ్నానికి ఒక వ్యాను వచ్చి మిగిలిన తొట్లను ఎక్కించుకుని సూర్యాపేటకు పోయింది. అక్కడ ఈ చేప ఏ చెరువుదో ఎవరూ అడగరు. కోసేవాళ్లు అక్కడా ఉంటారు.

ఆ రాత్రి ఇంట్లో మొదటిసారి మిరుగానికి చేప వండలేదు. పర్వతాలు పచ్చిపులుసుతో తిని, "నన్ను గూడ రావొద్దంటడేమో రేపు" అన్నాడు. గోపమ్మ ఎడమచేత్తో కలుపుకుంటూ "అననియ్యి" అంది. అన్నం సగం పళ్లెంలోనే మిగిలింది.

*

మరునాడు పొద్దున తన కత్తిపీట తెచ్చుకుందామని గోపమ్మ షెడ్డుకు వెళ్లింది. గట్టు ఎక్కుతుంటే శివకుమార్ గొంతు వినిపించింది.

"కట్టెతోని వద్దు నర్సింగమ్మా, చెయ్యి పెట్టు. నీ చెయ్యి మంచిదని ఊరంత అంటది."

ఊళ్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. పక్క వాడకట్టు నర్సింగమ్మ కలుపు కూలికి పోతుంది, ఆమె చెయ్యి గురించి ఎవరికీ పట్టింపు లేదు. ఇప్పుడామె గాజులు మోచేతికి ఎక్కించుకుని, డ్రమ్ము మీదికి వంగి, సిగ్గుగా నవ్వుతోంది. ఆ నవ్వు గోపమ్మకు బాగా తెలుసు.

గోపమ్మ స్తంభానికి ఆనించి ఉన్న కత్తిపీటను తీసుకుని చంకలో పెట్టుకుంది. డ్రమ్ము దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి చాపింది.

"నాది గూడ మంచి చెయ్యే వదినా" అంది.

శివకుమార్ కోళ్ల వైపు తిరిగి దాణా గిన్నెలు సరిచేస్తున్నాడు. నర్సింగమ్మ ఆ చేతిని చూసింది. నీళ్లలో ముంచబోయిన తన చేతిని డ్రమ్ము అంచు మీద ఆపి, వేళ్లు ముడుచుకుంది. మందు అప్పటికే పోసేసి ఉంది. కోళ్లు నీళ్ల కోసం అరుస్తున్నాయి. నర్సింగమ్మ పక్కనున్న కట్టె అందుకుని కలపసాగింది.